ముందటోళ్ళ దారి

సంచిలో అన్నిటికంటే ముందు పొగాకు పెట్టింది హైమవతి. అత్తగారు గురుబారి చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చే మనిషి. పాడేరు సంతలో దొరికే పొగాకు పచ్చిగా ఉంటుందని తిడుతుంది. పొగాకు మీద భర్త చొక్కాలు రెండు, తువ్వాలు, జ్వరం మాత్రలు, టార్చిలైటు సర్దింది. అన్నిటికీ పైన, పాత నూలు చీర ముక్కలో చుట్టిన కాలపట్టీ, దాని గాజుపలక. సంచి మూసింది. మళ్ళీ తెరిచి టార్చిలైటు వెలుగుతోందో లేదో చూసింది. మళ్ళీ మూసింది.

"ఇంకోసారి చూడు, ఆరిపోయిందేమో" అన్నాడు ధనుర్జయ్, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "మా ఊరికే కదా హైమా వెళ్ళేది. చంద్రమండలానికి కాదు."

"చంద్రమండలమైతే ఫోను పలుకుతుంది. మీ ఊళ్ళో పలకదు."

అతను నవ్వి, సంచి భుజాన వేసుకుని, "వెళ్ళొస్తా" అన్నాడు. ఆటో సందు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడింది. ఎవరు బయలుదేరినా ఆమెకు అంతే. కనబడుతున్నంత సేపూ చూస్తే వాళ్ళు తిరిగొస్తారని చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం.

ఆ ఏడు, 2043లో, పౌరకాల చట్టం వచ్చింది. జాతి అంటే ఒకే కాలంలో బతికే జనం, అని అందులో మొదటి వాక్యం. ఆ మాటను హైమవతి ఎం.ఏ. సమాజశాస్త్రంలో చదువుకుంది. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. దేశాలన్నీ ఒకే నిచ్చెన ఎక్కుతాయనీ, కొన్ని పై మెట్ల మీద, కొన్ని కింది మెట్ల మీద ఉంటాయనీ ఆ పుస్తకాలు చెప్పాయి. ఆమె నమ్మింది. నమ్మి, విశాఖలోని కాలశాస్త్ర పరిశోధనాలయంలో సగం జీవితం పెట్టి, ఆ నిచ్చెనను కొలిచే పరికరం చేసింది. అదే కాలపట్టీ.

దాన్ని నుదుటికి కట్టుకుని, తన ఇంట్లో తనకంటే ముందున్న వాళ్ళ గురించీ, తర్వాత రాబోయే వాళ్ళ గురించీ కాసేపు మాట్లాడాలి. మాటనూ, మెదడులో లేచే అలలనూ కలిపి చూసి, ఆ మనిషి మనసు ఏ సంవత్సరంలో ఉందో పక్కనున్న గాజుపలక మీద చూపిస్తుంది. మొదట తమ మీద తామే పరీక్ష చేసుకున్నారు. డైరెక్టరు చయనులు గారికి 2038 వచ్చింది. ఆయన ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగారు. హైమవతికి 2031. భాషాశాస్త్రం చెప్పే ధనుర్జయ్‌కి 1998.

"అదీ సంగతి. నువ్వు ఏం చెప్పినా నాకు ముప్పయ్యేళ్ళ తర్వాత అర్థమవుతోంది" అన్నాడతను.

పట్టీ కొలవడమే కాదు, సరిచేస్తుంది కూడా. వరసగా కొన్ని సాయంత్రాలు కట్టుకుని, దానికి తగిలించిన యంత్రం వినిపించే సన్నటి మోత వింటే మనసు గడియారం వెంట నడవడం నేర్చుకుంటుంది. విశాఖలో బస్సు కండక్టర్ల మీద, డిగ్రీ విద్యార్థుల మీద ప్రయత్నించారు. 1960లలో ఉన్నవాళ్ళు ఇప్పటి ఏడుకు వచ్చారు. కొందరికి తలనొప్పి వచ్చింది, అంతే. ఎవరూ ఏడవలేదు. ఏడవకపోవడానికి కారణం హైమవతికి చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు.

ఆ కొలబద్దకు పై కొస లండన్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ గొంతులు. కింది కొస, ఎప్పుడో నూట ముప్పయ్యేళ్ళ కిందట ఒక ఇంగ్లీషు దొర ధనుర్జయ్ వాళ్ళ పాడేరు కొండల్లోనే మైనపు గొట్టాల మీద రికార్డు చేసి పట్టుకెళ్ళిన మాటలూ పాటలూ. ఈ మనుషులు కంపెనీ పాలన రాకముందు కాలంలో ఆగిపోయారని దొర రాసుకున్నాడు. పరిశోధనాలయం ఆ మాటను అలాగే తీసుకుని కింది కొస మీద 1794 అని అంకె వేసింది. దొర కూడా ఆ పాటలు విన్న రోజున అదే ఎండలో వాళ్ళ పక్కనే కూర్చుని ఉన్నాడు కదా అని ఎవరికీ తోచలేదు.

చట్టం రెండో వాక్యం చిన్నది. 1947కు ముందు కాలంలో ఉన్నట్టు తేలిన ఊళ్ళు చారిత్రక నివాసాలు. అక్కడివాళ్ళకు రక్షణ ఉంటుంది. పట్టా ఉండదు, ఓటు ఉండదు, కొండ ప్రభుత్వానిది. దేశం పుట్టకముందు బతుకుతున్నవాళ్ళు ఆ దేశానికి పౌరులు ఎలా అవుతారు? ఒప్పుకుని సరిచేయించుకుంటే మాత్రం ఎవరి పొలం వాళ్ళదే.

ధనుర్జయ్ ఆ ఒప్పుదలకోసమే వెళ్ళాడు.

*

అతని ఊరు జాముగుడకు జీపు దిగి కాలిబాటన ఎక్కాలి. అతను ఎక్కేసరికి గురుబారి రాగిజావ కాస్తోంది. కొడుకును చూసి లేవలేదు. పొగాకు వాసన చూసి మాత్రం చెయ్యి చాచింది.

"కోడలు రానేదా?"

"యంత్రంతో వారం పోయాక వస్తాదమ్మా."

"ఒల్లు సిక్కిందా, అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

జావ చల్లారాక ఆమె మోదుగాకు చింపి, గడప బయట నాలుగు ముక్కలు పరిచింది. ఒక్కోదాని మీద ఒక్కో చెంచా పోసింది. ఒకటి మొగుడు సుక్రాకి. ఒకటి మూడేళ్ళప్పుడు జ్వరంతో పోయిన కూతురు బుద్రికి. ఒకటి మామగారికి. నాలుగోది చాలా చిన్న ముక్క. హైమవతికి పుట్టి, ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పోయిన ఆడపిల్లకు. ఆ పిల్లకు పేరు పెట్టలేదు. విశాఖలో ఆ పిల్ల గురించి ఎవరూ మాట్లాడరు. హైమవతి కూడా మాట్లాడదు. కానీ జాముగుడకు వచ్చినప్పుడల్లా ఆ నాలుగో ఆకును చూస్తూ కూర్చుంటుంది. ప్రపంచంలో ఆ పిల్లకు ఒక చోటు ఉన్నది ఆ గడప బయటే.

ధనుర్జయ్ తల్లి నుదుటికి పట్టీ కట్టాడు. ఇంట్లో వాళ్ళ గురించి చెప్పమన్నాడు.

"ఏటి సెప్పను? మీ అయ్య ముందర పోతన్నాడు. బుద్రి ఆడి ఏలు పట్టుకుంది. కోడలి పిల్లని మా మామ ఎత్తుకున్నాడు, దానికింకా నడక రాదు గదా. నాను ఆళ్ళెనక. నువ్వు నా ఎనక. నీ ఎనకాల ఎవులూ నేరు, అదే నాకు దిగులు."

గాజుపలక మీద 1794 అని వెలిగింది. కొస. అంతకంటే కిందికి అంకెలు లేవు.

అతను చెప్పాడు. ఆమె చుట్ట నోట్లోంచి తీసింది.

"అప్పుడికి నాను పుట్టనేదు కదరా."

"నీ మనసు అక్కడుందంటాదమ్మా ఇది."

"ఇప్పుడు తాగిన జావ కడుపులో ఇంకా ఎచ్చగా ఉంది. అదెప్పటిదంట?"

ఆమె మరిది సొమ్రా పడీ పడీ నవ్వాడు. "వొదినా, నువ్వు మా తాతకి తాతమ్మవి. దండం ఎట్టాల నీకు."

ఆ మధ్యాహ్నం ఊరంతా గురుబారి వాకిట్లో కూర్చుంది. చట్టం ప్రకారం అడగవలసిన ప్రశ్న ఒకటే, మాట మారకూడదు. ధనుర్జయ్ అడిగాడు. "మీరు వెనకే ఉండిపోతారా, ముందుకు వెళ్ళడానికి ఒప్పుకుంటారా?"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరి తరఫునా గురుబారే మాట్లాడింది.

"ముందుకేరా నాయినా. అదేటి అడగడం? ముందటోళ్ళంతా ముందర ఉంటే ఎనక ఉండీసి ఏటి సేస్తాం? తీసుకుపో. నీ యంత్రం అంతపాటి పని సేస్తాదంటే నాను ముందు కూకుంటాను."

"ఊరకే తీసుకుపోతాదా? నడవక్కర్నేదా?" అన్నాడు సొమ్రా.

"నడవక్కర్లేదు బాబాయ్."

అందరూ ఒప్పుకున్నారు. వేలిముద్రలు వేశారు. ముసలివాళ్ళ మొహాలు పెళ్ళికి బయలుదేరుతున్నట్టు ఉన్నాయి. ధనుర్జయ్‌కి గుండె నిండింది. ఊరు నిలిచింది, కొండ నిలిచింది అనుకున్నాడు. తొమ్మిదో ఏట హాస్టలుకు వెళ్ళి, ముందడుగు, ముందుచూపు, ముందంజ అని పలకల మీద దిద్దినవాడు అతను. అతని ‘ముందు’ ఎప్పుడో రాబోయే కాలం వైపు తిరిగిపోయింది. తల్లి ఏ వైపు చెయ్యి చూపించి ఆ మాట అన్నదో అతను చూడలేదు. ఆమె చెయ్యి గడప బయటి ఆకుల వైపు ఉంది.

*

హైమవతి యంత్రంతో వచ్చింది. సాయంత్రాలు బడి గదిలో చాపలు వేసి కూర్చోబెట్టారు. పట్టీలు కట్టారు. మోత వింటూ ముసలివాళ్ళు నిద్రలో నవ్వారు. రోజూ అంకె పెరిగింది. 1840, 1889, 1921. అంకె 1947 దాటిన రోజు ధనుర్జయ్ బెల్లం పంచాడు. పిల్లలు మాత్రం మొదటినుంచీ ఇప్పటి ఏటనే ఉన్నారు. వాళ్ళకు బడే సరిచేసింది.

మర్నాడు పొద్దున గురుబారి పొయ్యి అంటించలేదు. గడప మీద కూర్చుని ఉంది. చేతిలో మోదుగాకు ఉంది, చింపలేదు.

"అత్తా, జావ కాయనా?" అంది హైమవతి.

గురుబారి ఎదురుగా ఉన్న కాలిబాట వైపు చూస్తోంది.

"ముందర ఎవులూ నేరు."

"ఏమిటత్తా?"

"ముందర ఎవులూ నేరే. నిన్నటిదాకా ఈపులు కనబడేవి. మీ మామ ఈపు, బుద్రి జడ. దారంతా ఖాళీగా ఉంది."

హైమవతి ఆమె పక్కన కూర్చుంది. గురుబారి తల తిప్పి, కోడలి కడుపు వైపు చూసి, మెల్లిగా అడిగింది.

"ఆ పిల్ల సచ్చిపోయిందా, కోడలా?"

పదకొండేళ్ళుగా ఆ ప్రశ్న హైమవతిని ఎవరూ అడగలేదు.

"బుద్రి కూడానా?"

అప్పుడు పక్కింట్లోంచి ఏడుపు లేచింది. తర్వాత ఎదురింట్లోంచి. సొమ్రా వాకిట్లో నిలబడి, తన పెళ్ళాం పోయి ఎన్నో ఏళ్ళయిందన్న సంగతి అప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టు, నేలమీద కూలబడ్డాడు. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఎవరినీ పోగొట్టుకోలేదు. పోయినవాళ్ళు నాలుగడుగులు ముందు నడుస్తున్నారు, అంతే. ఇప్పుడు తాతలూ, ముత్తాతలూ, పురిట్లో పోయిన ఆడవాళ్ళూ, అమ్మవారు పోసి పోయిన పసివాళ్ళూ, అందరూ ఒక్క పొద్దున చచ్చిపోయారు. వాళ్ళందరికీ కలిపి ఏడవడానికి ఆ ఊరికి అవే కళ్ళు. పట్నంలో ఎవరూ ఎందుకు ఏడవలేదో హైమవతికి అప్పుడు అర్థమైంది. వాళ్ళ చనిపోయినవాళ్ళు ముందే చనిపోయి ఉన్నారు.

ధనుర్జయ్ తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. గురుబారి కొడుకును కొట్టలేదు, తిట్టలేదు.

"ముందుకి తీసుకుపోతానన్నావు."

"తెచ్చానమ్మా. ఇదే ముందు."

"ఇది ఎనక. ఇటు తిప్పీసినావు మమ్మల్ని. ఆళ్ళు ఇంకా పోతన్నారు, మా మొహాలే ఇటు తిరిగిపోనాయి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నీకు నా మాట తెలీదేటిరా? నా కడుపున పుట్టినోడివి."

అతనికి తెలుసు. ఇప్పుడు తెలిసింది. ముందుతరం అన్నా, ముందటోళ్ళు అన్నా పోయినవాళ్ళే. విశాఖలో కూడా మనుషులు రోజూ అదే మాట అంటారు, అన్న మరుక్షణం మర్చిపోతారు. భాష పాఠం చెప్పేవాడు అతను. ఒక్క మాటకు రెండు వైపులు ఉన్నాయని క్లాసులో ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. తన ఊరివాళ్ళు దాన్ని ఒక్క వైపు నుంచే వాడతారన్నది మర్చిపోయాడు.

*

"తిరగతిప్పండి" అంది హైమవతి పరిశోధనాలయంలో.

చయనులు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "కిందికా? కిందికి ఎందుకమ్మా?"

"వాళ్ళు తినడం లేదు సర్."

"అలవాటు పడతారు. మన తాతలూ పడ్డారు. దుఃఖం లేకుండా నాగరికత ఎక్కడుంది?" ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా అలాగే అనుకున్నారు. "అయినా నీకు తెలియనిది కాదు. యంత్రం ఎక్కించడానికే చేసింది. మెట్టు మెట్టుకూ వినిపించడానికి గొంతులు ఉన్నది పైకి వెళ్ళే దారిలోనే. దిగేవాళ్ళు ఉంటారని మనమూ అనుకోలేదు, మనకు నేర్పినవాళ్ళూ అనుకోలేదు."

ఆమెకు తెలుసు. దిగడానికి మధ్యలో మెట్లు లేవు. ఉన్నది ఒక్క కింది కొస, ఆ మైనపు గొట్టాల గొంతులు. దిగితే ఒకేసారి అక్కడికి పడాలి. అదీ ఎవరైనా ఒకరు ముందు దిగి, ఆ మనసు అచ్చు తీసి ఇస్తే, మిగిలినవాళ్ళకు పట్టీ దారి నేర్చుకుంటుంది. ఆ ఒకరికి కొండలో పుట్టిన మనసు ఉండాలి.

"నాకు తొమ్మిదేళ్ళ దాకా ఉంది" అన్నాడు వెంట వచ్చిన ధనుర్జయ్.

"నువ్వు తిరిగి పైకి రాకపోతే?"

"నువ్వు ఎక్కించు. నీ యంత్రానికి అది బాగా వచ్చు కదా."

ఆమె నవ్వలేదు.

అప్పటికే జాముగుడనుంచి కబురు వచ్చింది. గురుబారి, సొమ్రా, ఇంకా ముసలివాళ్ళంతా ఊరు వదిలి పైకొండ వైపు నడిచిపోయారు. పొయ్యిలు ఆర్పి, తలుపులు దగ్గరగా వేసి, ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని. ఎక్కడికని పిల్లలు అడిగితే, ముందటోళ్ళు ఎంతో దూరం పోయుండరు, కలుసుకుంటాం అన్నారట. వాళ్ళకు కనబడటం లేదు. కనబడకపోయినా అటే నడిచారు.

మొదట దిగేది ధనుర్జయ్. తర్వాత కొండెక్కి, ముసలివాళ్ళను వెతికి, వాళ్ళ నుదుళ్ళకు తన అచ్చు ఉన్న పట్టీ కట్టి, వెనక్కి తీసుకురావాలి. అదీ అనుకున్నది.

హైమవతి తన చేతులతోనే అతని నుదుటికి పట్టీ కట్టింది. మైనపు గొట్టాల గొంతులు గరగరమంటూ మోగాయి. అందులో ఒక ముసలావిడ ఎవరినో పిలుస్తోంది. జావ చల్లారిపోతోంది, తొందరగా నడవండి అంటోంది. అంతే ఆ మాట. దొర దాన్ని అనాది గీతం అని రాసుకున్నాడు. గాజుపలక మీద 1998 ఒక్కసారిగా ఆరిపోయి 1794 వెలిగింది.

ధనుర్జయ్ కళ్ళు తెరిచాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. అతని మొహంలో అంత తెరిపి ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఉన్నారు" అన్నాడు.

"ఎవరు?"

"అందరూ. అయ్య ఉన్నాడు. మన పిల్ల ఉంది హైమా. నడుస్తోంది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఎలా ఉంది?"

"వీపే కనబడుతోంది. జుట్టు నీలాగే రింగులు రింగులుగా ఉంది."

పట్టీ తనకు కట్టుకోవాలని ఆమెకు ఆ క్షణంలో అనిపించింది. కట్టుకుంది కూడా. మోత విన్నది, గొంతులు విన్నది. కళ్ళు తెరిస్తే కిటికీ బయట రోడ్డు, రోడ్డు మీద బస్సులు. పలక మీద 2031. ఆమెకు దిగడానికి తొమ్మిదేళ్ళ దాకా పెరిగిన కొండ లేదు. పుస్తకాలే ఉన్నాయి.

ఇంటికి వచ్చి అదే సంచి సర్దింది. పొగాకు, చొక్కాలు, టార్చిలైటు, చీర ముక్కలో చుట్టిన పట్టీలు. మోదుగాకులు కొన్ని మడిచి పెట్టింది, కొండ మీద ఉంటాయని తెలిసి కూడా. ధనుర్జయ్ గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లు వేసుకోలేదు.

"టార్చిలైటు చూడలేదేం?" అన్నాడు.

"చూశాను."

"ఇంకోసారి చూడు."

చూసింది. వెలిగింది. అతను సంచి తీసుకున్నాడు. ఆమె ఎప్పుడు వస్తావని అడగబోతే, అతను చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు నా వెనకాలే ఉన్నావు హైమా. భయం లేదు. మెల్లిగా రా."

"వెళ్ళొస్తానని చెప్పు."

"వెళ్ళొస్తా" అన్నాడు, ఆమె కోసం.

ఆటో సందు తిరిగేదాకా ఆమె చూసింది. తిరిగాక కూడా చూసింది.

జాముగుడకు పట్టాలు వచ్చాయి. తీసుకోవలసిన పెద్దలు లేరు. పిల్లలను హాస్టళ్ళలో చేర్చారు. యజమానులు లేని భూమి అని కొండను ప్రభుత్వం తీసుకుంది. పైకొండ మీద వెతికినవాళ్ళకు కొన్ని గిన్నెలు దొరికాయి, వరసగా, ఒకే దిక్కుకు పెట్టి. వాటికి కాస్త ముందు, ఎండిన మోదుగాకు ముక్కలు.

గురుబారి, సొమ్రా, వాళ్ళతో నడిచిన జాముగుడ ముసలివాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. వంతాల ధనుర్జయ్ 2043 జులై ఇరవై ఏడున, సోమవారం, కొండెక్కాడు. అతనూ తిరిగి రాలేదు.